ఖాకీ చొక్కా కింద మనసు: ఎంపిక, విచక్షణ, ఒత్తిడి

సూరత్ జిల్లాలోని కిమ్ చిన్న పట్టణం. ముంబయి–అహ్మదాబాద్ ప్రధాన రైలుమార్గం ఆ ఊరి మీదుగానే సాగుతుంది. 2024 సెప్టెంబరు 21 తెల్లవారుజామున కోసంబా, కిమ్ స్టేషన్ల మధ్య పట్టాలను జతచేసే రెండు ఫిష్ ప్లేట్లు, పట్టాలను స్లీపర్లకు బిగించే 71 క్లిప్పులు ఊడదీసి ఉన్నాయని గస్తీ తిరుగుతున్న రైల్వే సిబ్బంది కబురు పంపారు. ముగ్గురు వ్యక్తులు పారిపోతుండగా చూశామని కూడా తెలిపారు. రైళ్లను ఆపి, పట్టాలను బిగించి, రాకపోకలను పునరుద్ధరించారు. ప్రమాదమేదీ జరగలేదు.

అప్పటికే దేశమంతటా రైలు పట్టాలపై కుట్రల గురించి ఆందోళన నెలకొని ఉంది. అంతకు రెండు వారాల ముందు కాన్పూర్ సమీపంలో కాళింది ఎక్స్‌ప్రెస్ దారిలో గ్యాస్ సిలిండర్ కనిపించింది. కిమ్ వార్త వెలువడగానే ఇదీ అటువంటి కుట్రేనని చాలామంది తీర్మానించుకున్నారు. జాతీయ దర్యాప్తు సంస్థ బృందమూ అక్కడికి చేరుకుంది. అయితే సూరత్ గ్రామీణ పోలీసుల దర్యాప్తు మరో దారి పట్టింది. కొద్దిసేపటి క్రితమే ఆ పట్టాల మీదుగా ఒక రైలు సాఫీగా వెళ్లిపోయింది. దానిని నడిపినవారికి తేడా ఏదీ కనిపించలేదు. అంత స్వల్ప వ్యవధిలో అన్ని క్లిప్పులను ఊడదీయడం సాధ్యమేనా అన్న సందేహం తలెత్తింది. సిబ్బంది ఫోన్లలోని చిత్రాల సమయాలను పరిశీలించారు. చివరకు, సమాచారమిచ్చిన రైల్వే ఉద్యోగులు ముగ్గురినే అరెస్టు చేశారు. ప్రమాదాన్ని తప్పించినవారిగా మెప్పు పొందాలని, వర్షాకాలంతో ముగియబోతున్న రాత్రి గస్తీ కొనసాగేలా చూసుకోవాలని వారు ఈ పని చేశారన్నది పోలీసుల అభియోగం. రాత్రి విధులు నిర్వహించిన వారికి మరుసటి పగలు కుటుంబంతో గడిపే వీలుంటుంది. అభియోగంలోని నిజానిజాలను తేల్చవలసింది న్యాయస్థానం.

ఈ ఉదంతంలో పోలీసు వృత్తికి సంబంధించిన మూడు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. అందరూ ఒకే కథను నమ్ముతున్న సమయంలో దానిని అనుమానించగల మనసు ఎవరికి ఉంటుంది, అటువంటివారిని ఎలా ఎంచుకుంటారు అన్నది మొదటిది. ఎవరిని ప్రశ్నించాలి, ఎవరిని వదలాలి, ఎవరిని అరెస్టు చేయాలి అన్న నిర్ణయం ఏ ఆధారంతో జరుగుతుంది అన్నది రెండవది. నిద్ర, సెలవు, ఇల్లు అనే మామూలు అవసరాలు తీరని ఉద్యోగం మనిషిని ఏం చేస్తుంది అన్నది మూడవది. మనస్తత్వ శాస్త్రం ఈ మూడింటినీ ఎంపిక, విచక్షణ, వృత్తిపరమైన ఒత్తిడి అనే పేర్లతో దాదాపు శతాబ్దకాలంగా అధ్యయనం చేస్తోంది.

కాళ్లకు పరీక్ష, మనసుకు లేదు

తెలుగు రాష్ట్రాలలో కానిస్టేబుల్ ఉద్యోగం కోసం యువత ఏళ్ల తరబడి శ్రమిస్తుంది. తెల్లవారకముందే మైదానాలలో పరుగు, పగలంతా కోచింగ్ కేంద్రాలలో అంకగణితం, వర్తమానాంశాలు. తెలంగాణలో 2022 ఏప్రిల్‌లో 16,614 పోలీసు ఉద్యోగాలకు ప్రకటన వెలువడింది. ప్రాథమిక రాతపరీక్ష, దేహదారుఢ్య పరీక్షలు, తుది రాతపరీక్ష అనే మూడు మెట్లలో ఎంపిక జరిగింది. పురుషులు 1,600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది నవంబరులో 6,100 కానిస్టేబుల్, 411 ఎస్సై ఉద్యోగాలకు ప్రకటన ఇచ్చింది. అక్కడి మెట్లూ దాదాపు ఇవే.

గుజరాత్‌లోనూ తీరు ఇదే. 2024లో ఆ రాష్ట్రం 12,472 పోలీసు ఉద్యోగాలకు ప్రకటన ఇచ్చింది. కానిస్టేబుల్ స్థాయిలో చేరేవారిని అక్కడ లోక్‌రక్షక్ అంటారు. పురుషులు 5,000 మీటర్లను 25 నిమిషాలలో, మహిళలు 1,600 మీటర్లను తొమ్మిదిన్నర నిమిషాలలో పరుగెత్తాలి. ఆ తరువాత 200 మార్కుల రాతపరీక్ష. కిమ్ వంటి పట్టణాలలో రేపు లాఠీ పట్టి నిలబడేవారు ఈ వడపోత దాటి వచ్చినవారే.

ఈ పద్ధతికి ఒక గొప్ప మేలు ఉంది. లక్షల మంది పోటీపడే చోట పరుగుకు స్టాప్‌వాచ్, జవాబుకు కంప్యూటర్ సాక్ష్యంగా నిలుస్తాయి. సిఫారసులకు, లంచాలకు చోటు తగ్గుతుంది. ఇంటర్వ్యూ పేరుతో అన్యాయం జరుగుతుందన్న భయం నిరుద్యోగులలో ఎంత లోతుగా ఉందో తెలిసినవారెవరూ ఈ మేలును తక్కువగా చూడరు. 2018 డిసెంబరులో గుజరాత్ లోక్‌రక్షక్ ప్రశ్నపత్రం బయటకు పొక్కి, లక్షలాది అభ్యర్థులు రాయవలసిన పరీక్ష రద్దయినప్పుడు చెలరేగిన ఆగ్రహమే అందుకు నిదర్శనం.

అయితే తిట్టు విన్నప్పుడు అభ్యర్థి చేయి ముందు లేస్తుందా, మాట ముందు వస్తుందా అన్నది స్టాప్‌వాచ్ చెప్పలేదు. బాధితురాలు ఏడుస్తూ చెప్పే మాటను ఓపికగా వినగలడా, అధికారం చేతికి వస్తే బలహీనునిపై దానిని ఎలా వాడతాడు అన్నవి బహుళైచ్ఛిక ప్రశ్నలకు అందవు.

ఈ లోటును తీర్చేందుకు తొలి ప్రయత్నాలు అమెరికాలో జరిగాయి. మనస్తత్వ శాస్త్రవేత్త లూయిస్ టెర్మన్ కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో పోలీసు, అగ్నిమాపక ఉద్యోగాలకు వచ్చిన 30 మంది అభ్యర్థులకు బుద్ధి పరీక్షలు నిర్వహించి, ఫలితాలను 1917లో ప్రచురించాడు. నగరాలలో అల్లర్లు చెలరేగిన 1960లలో అమెరికా అధ్యక్షుడు నియమించిన నేర న్యాయ కమిషన్, 1967 నివేదికలో, పోలీసు అభ్యర్థుల మానసిక స్థిరత్వాన్ని కూడా పరిశీలించాలని సూచించింది. అనంతర కాలంలో వ్యక్తిత్వ పరీక్షలు, మనస్తత్వ నిపుణునితో ముఖాముఖి అక్కడ అనేక పోలీసు శాఖలలో భాగమయ్యాయి.

ఈ పరీక్షలలో రెండు రకాల లక్ష్యాలు ఉంటాయి. ఆయుధాన్ని అప్పగించడానికి ఏమాత్రం తగని వారిని పక్కన పెట్టడం ఒకటి. తీవ్రమైన ఆవేశం, వాస్తవంతో సంబంధం తెగిన ఆలోచన, మత్తుకు బానిస కావడం వంటివి ఇందులో చూస్తారు. మంచి పోలీసు కాగలవారిని ముందుగానే గుర్తించి ఎంచుకోవడం రెండవది. మొదటి పనిలో పరీక్షలు కొంతవరకు తోడ్పడతాయి. రెండవది చాలా కష్టం. ఎందుకంటే మంచి పోలీసు అంటే ఎవరన్న దానిపైనే ఏకాభిప్రాయం లేదు. ఎక్కువ కేసులు ఛేదించినవాడా, ఫిర్యాదులు రానివాడా, గొడవను కేసు దాకా రానివ్వకుండా సర్దినవాడా అన్నది ఒక్కో అధికారి ఒక్కో విధంగా చెబుతాడు.

భారతదేశానికి ఈ పరీక్షలు కొత్తవి కావు. సైన్యాధికారుల ఎంపికలో 1943 నుంచీ మానసిక పరీక్షలు ఉన్నాయి. చిత్రం చూసి కథ రాయడం, ఒక మాట వినగానే తోచింది రాయడం, చిక్కు పరిస్థితిలో ఏం చేస్తావో చెప్పడం వంటి అంశాలు కొన్ని రోజులపాటు సాగుతాయి. సరిహద్దులో నిలిచే అధికారికి ఉన్న ఈ పరీక్ష, పౌరుని ఇంటి తలుపు తట్టే కానిస్టేబుల్‌కు లేదు. లక్షల మందికి అటువంటి పరీక్ష జరపడం తేలిక కాదన్నది నిజమే. కానీ రాత, దేహదారుఢ్య పరీక్షలు దాటి తుది జాబితాకు చేరువైన వేల మందికి దానిని పరిమితం చేయవచ్చు. దానికి మార్కులు వేయకుండా, అనర్హతను మాత్రమే గుర్తించేలా ఉంచి, నిపుణుల మండలికి అప్పీలు చేసుకునే అవకాశం కల్పిస్తే, పక్షపాత భయమూ తగ్గుతుంది.

కిందికి దిగేకొద్దీ పెరిగే అధికారం

సాధారణంగా ఏ కార్యాలయంలోనైనా పై మెట్టుకు వెళ్లేకొద్దీ నిర్ణయాధికారం పెరుగుతుంది. పోలీసు శాఖలో దీనికి విరుద్ధమైన లక్షణం ఉందని అమెరికా రాజనీతి శాస్త్రవేత్త జేమ్స్ క్యూ. విల్సన్ 1968లో ప్రచురించిన అధ్యయనంలో వివరించాడు. డీజీపీ జారీ చేసే ఉత్తర్వు కాగితం మీద ఉంటుంది. రోడ్డు మీద బండి ఆపి, చలానా రాయాలా, హెచ్చరించి పంపాలా అన్నది ఆ క్షణంలో కానిస్టేబుల్ నిర్ణయిస్తాడు. పక్కన పై అధికారి ఉండడు. మైఖేల్ లిప్‌స్కీ 1980లో, పోలీసులు, ఉపాధ్యాయులు, సంక్షేమ సిబ్బంది వంటి క్షేత్రస్థాయి ఉద్యోగుల రోజువారీ నిర్ణయాలే ప్రజలకు ప్రభుత్వ విధానంగా అందుతాయని సూత్రీకరించాడు. సామాన్యుని అనుభవంలో చట్టమంటే గ్రంథంలోని సెక్షన్ కాదు, స్టేషన్ గుమ్మంలో ఎదురైన మనిషి.

ఈ విచక్షణ లేకుండా పోలీసు వ్యవస్థ ఒక్క రోజు కూడా నడవదు. ప్రతి చిన్న ఉల్లంఘనకూ కేసు పెడితే కోర్టులు నిండిపోతాయి. అన్నదమ్ముల గట్టు తగాదాను పెద్దమనుషుల సమక్షంలో సర్దిచెప్పే ఎస్సై, తప్పిపోయిన వృద్ధుణ్ణి ఇంటికి చేర్చే హోంగార్డు విచక్షణనే వాడుతున్నారు. చిక్కు ఎక్కడంటే, అదే విచక్షణ ఒకరి పట్ల దయగా, మరొకరి పట్ల నిర్లక్ష్యంగా మారగలదు.

హైదరాబాద్ శివార్లలో 2019 నవంబరు 27 రాత్రి జరిగిన ఘోరం తెలుగువారికి మరపురానిది. కనిపించకుండా పోయిన యువ పశువైద్యురాలి కుటుంబం పోలీసులను ఆశ్రయించినప్పుడు, ఘటనాస్థలం తమ పరిధిలోకి రాదన్న వాదనతో విలువైన సమయం వృథా అయిందన్న ఆరోపణ వచ్చింది. విచారణ అనంతరం ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు. అదే ఉదంతం డిసెంబరు 6న నలుగురు నిందితుల ఎన్‌కౌంటర్‌తో మరో మలుపు తిరిగింది. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్, పోలీసుల కథనం నమ్మదగినదిగా లేదని, 10 మంది పోలీసులను విచారించాలని 2022లో వెల్లడైన నివేదికలో పేర్కొంది. చేయవలసింది చేయకపోవడం, చేయకూడనిది చేయడం అనే విచక్షణ వైఫల్యపు రెండు ముఖాలూ పది రోజుల వ్యవధిలో ఒకే ఉదంతంలో చర్చకు వచ్చాయి.

ఈ విచక్షణకు గట్లు వేయడానికి న్యాయస్థానాలు, చట్టసభలు ప్రయత్నిస్తూనే ఉన్నాయి. విచారణార్హమైన నేరంపై సమాచారం అందితే ఎఫ్ఐఆర్ నమోదు తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013 నవంబరులో లలితాకుమారి కేసులో తీర్పు ఇచ్చింది. ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాలలో యాంత్రికంగా అరెస్టు చేయరాదని, అరెస్టు ఎందుకు అవసరమో కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలని 2014 జులై 2న అర్నేష్ కుమార్ కేసులో ఆదేశించింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత, నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు నమోదు చేయవచ్చని స్పష్టం చేసింది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలలో 14 రోజుల్లోగా ప్రాథమిక విచారణ జరిపే వీలునూ కల్పించింది.

చట్టం ఇంతగా చెబుతున్నా మనసు ఎటు లాగుతుందన్నది వేరే ప్రశ్న. కామన్ కాజ్ సంస్థ, సీఎస్‌డీఎస్ కలిసి 21 రాష్ట్రాలలో 11,834 మంది పోలీసు సిబ్బందిని ప్రశ్నించి 2019లో ఒక నివేదిక వెలువరించాయి. చిన్న నేరాలకు కోర్టు విచారణ కంటే పోలీసులే ఒక చిన్న శిక్ష విధించడం మేలని 37 శాతం మంది అభిప్రాయపడ్డారు. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా తమను దర్యాప్తు అధికారిగానే కాక న్యాయమూర్తిగా కూడా భావించుకుంటున్నారు. ఈ భావన దుర్మార్గం నుంచే పుడుతుందని అనుకుంటే పొరపాటు. కోర్టులలో ఏళ్లు గడుస్తాయని, సాక్షులు జారిపోతారని చూసి చూసి విసిగిన మనసు కూడా అక్కడికే చేరుతుంది. న్యూయార్క్ పోలీసు శాఖలో పనిచేసి, ఆపై సమాజశాస్త్రవేత్తగా మారిన ఆర్థర్ నీడర్‌హాఫర్ 1967లో ఈ స్థితిని విశ్లేషించాడు. ఆదర్శంతో చేరిన యువకునిలో ఉద్యోగపు తొలి సంవత్సరాలలోనే మనుషుల పట్ల, వ్యవస్థ పట్ల అపనమ్మకం వేగంగా పెరుగుతుందని అతడు చూపాడు. ఎంపికలో కనిపించని లోపం ఉద్యోగంలో ఏర్పడగలదన్న మాట.

ఎల్లవేళలా డ్యూటీ

మన పోలీసు చట్టం 1861 నాటిది. పోలీసు ఉద్యోగి ఎల్లప్పుడూ విధి నిర్వహణలో ఉన్నట్లే పరిగణించాలని అందులోని 22వ సెక్షన్ చెబుతుంది. గుజరాత్‌లో అమలులో ఉన్న 1951 నాటి పోలీసు చట్టమూ అదే సూత్రాన్ని స్వీకరించింది. అత్యవసర వేళ పిలిచేందుకు ఉద్దేశించిన ఈ నిబంధన, ఆచరణలో పనిగంటలకు హద్దు లేకుండా చేసింది.

దీని పరిమాణాన్ని లెక్కగట్టిన ముఖ్యమైన అధ్యయనం హైదరాబాద్‌లోనే జరిగింది. పోలీసు పరిశోధన, అభివృద్ధి సంస్థ కోసం అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా 23 రాష్ట్రాలు, రెండు కేంద్రపాలిత ప్రాంతాలలో 12,156 మంది స్టేషన్ సిబ్బందిని, 1,003 మంది స్టేషన్ హౌస్ ఆఫీసర్లను సర్వే చేసి 2014లో నివేదిక ఇచ్చింది. దాదాపు 90 శాతం సిబ్బంది రోజుకు ఎనిమిది గంటల కంటే ఎక్కువ పనిచేస్తున్నారు. నెలలో ఒక్క వారాంతపు సెలవైనా దక్కనివారు 73 శాతం పైచిలుకు. మూడు షిఫ్టుల పద్ధతి రావాలంటే స్టేషన్ల మంజూరు బలాన్ని సుమారు 68 శాతం పెంచాలని నివేదిక అంచనా వేసింది. ఐదేళ్ల తరువాత వచ్చిన కామన్ కాజ్ నివేదికలోనూ సగటు పనిదినం 14 గంటలుగానే తేలింది.

పనిగంటలకు తోడు కళ్లు చూసే దృశ్యాల భారం ఉంటుంది. కిమ్ ప్రాంత పోలీసులకు ఇది పరిచయమున్న బరువే. 2021 జనవరి 19 తెల్లవారుజామున కిమ్–మాండ్వీ రహదారి పక్కన నిద్రిస్తున్న వలస కూలీల మీదుగా అదుపు తప్పిన ట్రక్కు దూసుకుపోయింది. 15 మంది మరణించారు. మృతులలో అత్యధికులు రాజస్థాన్‌లోని బాంస్‌వాడా జిల్లావారు. ఇటువంటి చోటికి మొదట చేరేది పోలీసులే. దేహాలను లెక్కించేది, పంచనామా రాసేది, పరాయి రాష్ట్రంలోని బంధువులకు ఫోనులో ఆ మాట చెప్పేది వారే. ఆ మరునాడు వారు యథాప్రకారం బందోబస్తుకు హాజరవుతారు.

సూరత్ మరమగ్గాల పరిశ్రమ లక్షలాది వలస కార్మికులపై ఆధారపడింది. వారిలో తెలంగాణ జిల్లాల నుంచి దశాబ్దాల కిందట వెళ్లి స్థిరపడిన నేత కుటుంబాలూ ఉన్నాయి. 2020 లాక్‌డౌన్‌లో స్వస్థలాలకు పంపాలంటూ కార్మికులు సూరత్ పరిసరాలలో వీధుల్లోకి వచ్చారు. మే 4న వరేలి వద్ద ఘర్షణ జరిగి పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు. ఒకవైపు ఆకలి, ఇంటి బెంగ. మరోవైపు అంటువ్యాధి భయంతో వారాల తరబడి రోడ్డుపై నిలిచిన అలసట. ఇరువైపులా ఉన్నది ఒత్తిడిలో ఉన్న మనుషులే. చేతిలో లాఠీ మాత్రం ఒకవైపే ఉంది.

మనస్తత్వ శాస్త్రవేత్తలు పోలీసుల ఒత్తిడిని రెండుగా విభజిస్తారు. ప్రమాదాలు, హింస, శవాలు వంటి వృత్తి సహజమైన ఒత్తిళ్లు ఒకటి. సెలవు నిరాకరణ, బదిలీలు, మెమోలు, పై అధికారి దూషణ, రాజకీయ జోక్యం, పదోన్నతిలో జాప్యం వంటి సంస్థాగత ఒత్తిళ్లు రెండవది. బయటివారు మొదటిదాన్నే ఊహిస్తారు. కానీ ఎక్కువగా కుంగదీసేది రెండవదేనని అనేక అధ్యయనాలు సూచిస్తున్నాయి. దొంగను ఎదుర్కోవడానికి శిక్షణ ఉంది. సెలవు చీటీని చించివేసిన అధికారిని ఎదుర్కోవడానికి ఏ శిక్షణా లేదు.

తెలంగాణలో 2024 అక్టోబరులో జరిగినది ఇందుకు తాజా ఉదాహరణ. కుటుంబాలకు దూరంగా రోజుల తరబడి సాగే విధులకు, సెలవుల విధానానికి నిరసనగా ప్రత్యేక పోలీసు బెటాలియన్ల కానిస్టేబుళ్ల భార్యలు రోడ్డెక్కారు. తరువాత కానిస్టేబుళ్లూ నిరసనలో పాల్గొన్నారు. ప్రభుత్వం 39 మందిని సస్పెండ్ చేసి, 10 మందిని ఉద్యోగం నుంచి తొలగించింది. క్రమశిక్షణ గల బలగంలో సమ్మెకు తావు లేదన్నది శాఖ వాదన. పోలీసుల సంఘ హక్కులపై 1966 నాటి చట్టం పరిమితులు విధిస్తున్న మాటా వాస్తవమే. అయితే మాట్లాడే దారి మూసినప్పుడు దాన్ని వినే మరో దారిని తెరవవలసిన బాధ్యత శాఖపైనే పడుతుంది. గుజరాత్‌లోనూ కొత్తగా చేరిన లోక్‌రక్షక్‌లు మొదటి ఐదేళ్లు స్థిర వేతనంపైనే పనిచేస్తారు. వేతనాల పెంపు కోరుతూ సాగిన ఆందోళన అనంతరం ఆ రాష్ట్ర ప్రభుత్వం 2022 ఆగస్టులో పోలీసు సిబ్బందికి రూ.550 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది.

వినేవారు లేని చోట మౌనం ప్రాణం తీయగలదు. సిద్దిపేట ప్రాంతంలోని కుకునూర్‌పల్లి పోలీస్ స్టేషన్‌లో 2016 ఆగస్టులో ఒక ఎస్సై, ఏడాది తిరగకముందే 2017 జూన్‌లో అదే స్టేషన్‌కు చెందిన మరో ఎస్సై ప్రాణాలు తీసుకున్నారు. పై అధికారుల వేధింపులపై ఆరోపణలు వచ్చాయి. ఒకే కుర్చీలో పది నెలల తేడాతో ఇద్దరిని కోల్పోవడం వ్యక్తుల బలహీనతగా కొట్టివేయదగిన విషయం కాదని అప్పట్లో విస్తృతంగా చర్చ జరిగింది.

మూడూ ఒకే గొలుసు

ఎంపిక, విచక్షణ, ఒత్తిడి అనేవి వేర్వేరు శాఖల కాగితాలలో వేర్వేరు అంశాలుగా కనిపిస్తాయి. మనిషి మెదడులో మాత్రం అవి ఒకే చోట కలుస్తాయి. ఉత్తర అమెరికాలో 4,957 మంది పోలీసులపై జరిపి 2011లో ప్రచురించిన వైద్య అధ్యయనంలో 40 శాతం మందికి ఏదో ఒక నిద్ర రుగ్మత లక్షణాలు ఉన్నట్లు తేలింది. వారిలో పరిపాలనాపరమైన తప్పులు, వాహనం నడుపుతూ కునుకు తీయడం, అనుమానితులపై అదుపు తప్పిన కోపం మిగతావారి కంటే ఎక్కువగా కనిపించాయి. నిద్రలేమిని ఉద్యోగి సొంత సమస్యగా భావించే అధికారులు ఈ చివరి అంశాన్ని గమనించవలసి ఉంది. పోలీసుకు దక్కని నిద్ర ఎక్కడో ఒక పౌరుని చెంపపై తేలుతుంది.

అలసిన మనసు దగ్గరి దారులు వెతుకుతుంది. మొదట తోచిన కథనే నమ్ముతుంది, దానికి అనుకూలమైన ఆధారాలనే చూస్తుంది. భాష రానివాడు, మాసిన బట్టలవాడు, పాత నేర చరిత్ర ఉన్నవాడు సులువుగా అనుమానితుడవుతాడు. కిమ్ దర్యాప్తులో ఆ మొదటి కథనాన్ని అలాగే స్వీకరించి ఉంటే, పారిపోయినట్లు చెప్పిన ఆ ముగ్గురి కోసం చుట్టుపక్కల కార్మిక వాడలలో ఎంతమంది అమాయకులను స్టేషన్‌కు పిలిపించి ఉండేవారో ఊహించడం కష్టం కాదు. సమయాలను సరిచూడడం అనే సాదా పని వారిని కాపాడింది. సరిచూడడానికి తీరిక, స్థిమితం కావాలి. ఆ రెండూ పుట్టుకతో వచ్చే గుణాలే కావు, శాఖ సమకూర్చవలసిన సౌకర్యాలు కూడా.

ఏం చేయవచ్చు

దేశ పోలీసు నాయకత్వానికి శిక్షణ ఇచ్చే సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ జాతీయ పోలీసు అకాడమీ 1975 నుంచి హైదరాబాద్‌లోనే ఉంది. మానవ ప్రవర్తన, భావోద్వేగ నియంత్రణ వంటి పాఠాలు అధికారులకు కొత్త కాదు. అవి కానిస్టేబుల్ శిక్షణ కేంద్రం దాకా, కవాతుతో సమానమైన ప్రాధాన్యంతో దిగిరావాలి. తాగి తిట్టేవాణ్ణి చేయి చేసుకోకుండా స్టేషన్‌కు తేవడం, మానసిక రోగితో మాట్లాడడం, మాటలతో గుంపును శాంతింపజేయడం సాధనతో వచ్చే నైపుణ్యాలు. వాటిని చదివి నేర్చుకోలేరు, నటించి, పొరపడి, మళ్లీ చేసి నేర్చుకోవాలి.

సెలవు విషయంలో ఆంధ్రప్రదేశ్ 2019 జూన్‌లో పోలీసులకు వారాంతపు సెలవును ప్రకటించి ఒక అడుగు వేసింది. సిబ్బంది కొరత ఉన్నంతకాలం అటువంటి ఉత్తర్వు నిలదొక్కుకోవడం కష్టమని హైదరాబాద్ అధ్యయనం చూపిన 68 శాతం లోటే చెబుతుంది. ఖాళీల భర్తీ, షిఫ్టులు, సెలవు అనేవి ఒకదానిపై ఒకటి ఆధారపడిన మూడు మెట్లు.

ఘోర దృశ్యం చూసిన సిబ్బందితో ఆ వారంలోనే మాట్లాడే ఏర్పాటు మరొకటి. సలహా కోరినవారి పేరు సర్వీసు పుస్తకానికి ఎక్కితే ఎవరూ నోరు విప్పరు. కాబట్టి సలహాదారు శాఖ అధికార శ్రేణికి వెలుపల ఉండాలి. మానసిక వేదనలో ఉన్న ఎవరైనా, పోలీసులు సహా, 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగు, గుజరాతీతో సహా పలు భాషలలో సేవ అందుతుంది.

విచక్షణకు విరుగుడు దానిని రద్దు చేయడంలో లేదు, దానిని కనిపించేలా చేయడంలో ఉంది. అరెస్టుకు కారణం రాయడం, రాయకపోతే పై అధికారి అడగడం, ఫిర్యాదు తిరస్కరిస్తే రాతపూర్వకంగా తెలపడం, స్టేషన్లలో కెమెరాలు పనిచేస్తూ ఉండడం ఇందులో భాగాలు. కారణం రాయవలసి వచ్చినప్పుడు మనసు మరొక్కసారి ఆలోచిస్తుంది. ఆ ఒక్క క్షణపు ఆలోచన తప్పుడు అరెస్టును ఆపగలదు.

పౌరుడు స్టేషన్ మెట్లెక్కినప్పుడు ఎదురయ్యేది రాజ్యాంగం ఇచ్చిన అధికారం, పరుగు పందెంలో నెగ్గిన శరీరం, గత రాత్రి నిద్రపోయిందో లేదో తెలియని మనసు. మొదటి రెండింటిని పరీక్షించి, కొలిచి, నమోదు చేసే పద్ధతులు దేశంలో పకడ్బందీగా ఉన్నాయి. మూడవదానిపై శ్రద్ధ పెట్టవలసిన సమయం వచ్చింది. కిమ్ పట్టాల పక్కన ఆ తెల్లవారుజామున మేలుకొని ఉన్న గస్తీ మనుషులకూ, వారి మాటను సరిచూసిన పోలీసులకూ ఉమ్మడిగా ఉన్నది రాత్రి డ్యూటీయే. దాని బరువును లెక్కలోకి తీసుకునే వ్యవస్థ వారి నుంచి మరింత మెరుగైన నిర్ణయాలను ఆశించవచ్చు.